‘వాంపైర్ హంటర్ డి’ : కీర్తియు, యోగ్యతయు

కళాఖండమునకు కీర్తి రెండు విధముల లభించును. తరము మారినకొలది క్రొత్త పాఠకుని, క్రొత్త ప్రేక్షకుని తన బలముచేతనే గెలుచుకొనుచు పోవునది ఒక కీర్తి. తొలినాళ్లలో దానిని ప్రేమించినవారు తమ యౌవనముతోపాటు దానిని గుండెలో దాచుకొని, తరువాతివారి చేతిలో పెట్టి, "ఇది గొప్పది, నమ్ముడు" అని చెప్పుటవలన నిలుచునది మరియొక కీర్తి. మొదటిది స్వార్జితము, రెండవది పిత్రార్జితము. రెండును కలగలిసి యున్నచోట ఏది యెంత యని తేల్చుట సులభము కాదు. ప్రాచీనతయే గుణమునకు ప్రమాణమగునా యను ప్రశ్నను కాళిదాసంతటివాడు మాళవికాగ్నిమిత్ర ప్రస్తావనలోనే లేవదీసినాడు. ఆ ప్రశ్న నేటికిని తీరలేదు. కావ్యములనుండి చలనచిత్రములకు, అచటినుండి బొమ్మల చిత్రములకు ప్రాకినది.

జపానువారు బొమ్మలతో తీయు చలనచిత్రములను ‘అనిమే’ అందురు. మన పాఠశాలలలోను, కళాశాలలలోను చదువుకొను పిల్లలలో వీనిని శ్రద్ధతో చూచువారు నేడు పలువురు కలరు. వారి నడుమ ముందు తరమునుండి వచ్చిన పేర్లు కొన్ని మంత్రములవలె వినబడుచుండును. అట్టి పేర్లలో నొకటి ‘వాంపైర్ హంటర్ డి’. తోయో అషిదా దర్శకత్వమున 1985 డిసెంబరులో జపానులో వెలువడిన ఈ భయానక చిత్రము నిడివి 80 నిమిషములు మాత్రమే. నలువదేండ్లు గడచినను దీనికొక భక్తమండలి కలదు. ఆ మండలిలోనివారు దీనిని మహాకృతి యందురు. నేడు క్రొత్తగా చూచిన విద్యార్థి యొకడు, "ఇందులో అంత ఏమున్నది?" అని పెదవి విరుచును. ఇరువురిలో న్యాయము ఎవరి పక్షముననున్నది?

ముందుగా కథ. దీనికి మూలము హిదేయుకి కికుచి 1983లో ప్రకటించిన నవల. దానికి బొమ్మలు వేసినవాడు యోషితకా అమానో. కథాకాలము క్రీ.శ. 12,090. మానవ నాగరకత కూలిన పిమ్మట రక్తపిశాచములు లోకమునేలినవి. అవి తమ్ము తాము ‘ప్రభువంశము’ అని చెప్పుకొనును. ఇప్పుడు ఆ దొరతనము కూడ క్షీణించినది. కాని ఒంటరి కోటలలో కొందరు ప్రభువులు ఇంకను మిగిలియున్నారు. డోరిస్ లాంగ్ అను యువతి తమ్ముడు డాన్‌తో కలిసి పొలము చేసికొని బ్రతుకుచుండును. ఒక రాత్రి కౌంట్ మాగ్నస్ లీ అను వృద్ధ ప్రభువు ఆమె మెడ కరచి, ఆమెను పెండ్లాడ నిశ్చయించును. ఆమె తన్ను కాపాడుటకు దారిన పోవు వేటగాని నొకనిని కుదుర్చుకొనును. అతని పేరు ‘డి’ అను ఒక్క అక్షరమే. అతడు ధంపీరు, అనగా తండ్రి రక్తపిశాచము, తల్లి మానవస్త్రీ. బాల్కను దేశముల జానపద విశ్వాసములలో ఇట్టివారి ప్రస్తావన కలదు. అతని ఎడమ అరచేతిలో ఒక ముఖమున్నది; అది మాటలాడును, ఎగతాళి చేయును, ఆపదలో అతని ప్రాణము నిలుపును. డి కోటలో ప్రవేశించి, కౌంటును చంపి, తన దారిన తాను పోవును. కథ ఇంతే.

ఇంత చిన్న కథకు ఇంత పేరెట్లు వచ్చినది? దానికి ఆ కాలపు పరిస్థితి తెలియవలెను. అంతకుమున్ను జపానులో బొమ్మల చిత్రములు సినిమాశాలకొరకో, టెలివిజనుకొరకో తయారగుచుండెను. సినిమాశాలకు పెట్టుబడి మిక్కుటము. టెలివిజనుకు ఇంటిల్లిపాదియు చూచుదురను హద్దు. 1983లో మమోరు ఓషీ మొదలగువారు తీసిన ‘డల్లోస్’ నేరుగా వీడియో క్యాసెట్టుగా వెలువడి మూడవ దారి తెరచినది. ఆ దారిని వచ్చినదే ‘డి’ చిత్రము. క్యాసెట్టును కొనువాడు, అద్దెకు తెచ్చుకొనువాడు తాను కోరి తెచ్చుకొనును. కనుక భయమును, రక్తమును, పెద్దలు మాత్రమే చూడదగిన దృశ్యములను సంకోచము లేక చిత్రించుటకు వీలు కలిగినది.

1992లో స్ట్రీమ్‌లైన్ పిక్చర్స్ అను సంస్థ ఈ చిత్రమునకు ఇంగ్లీషు మాటలు చేర్చి అమెరికాలో విడుదల చేసినది. తరువాత అక్కడి టెలివిజనులోను ప్రసారమైనది. బొమ్మల చిత్రమనగా పసిపిల్లల వినోదమని తలచుట అలవాటైన దేశమది. అచటి కుర్రవారికి గీసిన బొమ్మ భయపెట్టగలదనుట ఒక క్రొత్త అనుభవము. క్యాసెట్టు సులభముగ దొరకదు. ఒకరినొకరు అడిగి తెచ్చుకొనవలెను. కష్టపడి సంపాదించినదానిపై మమకారము మెండు. పదునాలుగేండ్ల ప్రాయమున, చీకటిగదిలో, అరిగిన టేపుపై చూచిన చిత్రము ఒక చిత్రముగ మాత్రమే జ్ఞాపకముండదు. ఆ ప్రాయమే దానితో ముడివడి యుండును. దానిని నిందించినవాడు తమ బాల్యమునే నిందించినట్లు వారికి తోచును. ఇదియే నేను పైన చెప్పిన పిత్రార్జిత కీర్తి. దానిని లెక్కనుండి తీసివేసినచో మిగులునదేమి?

న్యాయవిచారణలో అభియోగమును ముందు వినుట పద్ధతి. మొదటి అభియోగము కథనమును గూర్చినది. చెరపట్టబడుట, విడిపింపబడుట, మరల చెరపట్టబడుట అను చక్రమే చిత్రమంతయు తిరుగుచుండును. వికృత రూపముల శత్రువులు ఒకరి వెంట ఒకరు వచ్చి, తమ శక్తిని ప్రదర్శించి, డి చేతిలో మడియుదురు. వారిలో పెక్కురు ఎవరో, ఎందుకు ఆ కోటలోనున్నారో తెలియకముందే మాయమగుదురు. రెండవది డోరిస్ పాత్ర. ఆయుధము చేబట్టి రాత్రివేళ పొలము కాచుకొను ధీరగా ఆమె మనకు పరిచయమగును. చిత్రము సగము నడచునప్పటికి ఆ ధీర యొకరు రక్షింపవలసిన అబల మాత్రమే యగును. స్నానదృశ్యమువంటివి ఆమె పాత్రకు వన్నె తెచ్చుటకు బదులు ప్రేక్షకుని చపలత్వమునకు మేతవేయును. పాత్రను ఒక విధముగ ప్రారంభించి, కారణము లేకయే మరియొక విధముగ నడుపుట రచనాదోషము. దీనిని ఎంతటి అభిమానియు కాదనజాలడు.

మూడవది చిత్రలేఖనము. అమానో గీతలో సన్నని రేఖ, పాలిపోయిన ముఖము, గాలిలో పొగవలె కదలు కేశములు ఒక స్వప్నమును తలపించును. అట్టి రేఖను వేలకొలది బొమ్మలలో మరల మరల గీయుట పెక్కుచేతుల పని. అది సాధ్యము కాలేదు. చిత్రములోని డోరిస్, డాన్‌ల ముఖములు ఆనాటి టెలివిజను బొమ్మల ముఖములకంటె భిన్నమైనవి కావు. కదలిక కూడ పొదుపైనదే. వెండితెరపై సెకనుకు 24 చట్రములు నడచును. నిండైన కదలికకు వానికై 12 మొదలు 24 వరకు బొమ్మలు గీయుదురు. ఒసాము తెజుకా 1963లో ‘తెత్సువాన్ ఆటము’ను వారము వారము టెలివిజనుకు అందింప పూనుకొన్ననాటినుండి జపానులో ఎనిమిది బొమ్మలతోనో, అంతకు తక్కువతోనో సరిపుచ్చు పద్ధతి నెలకొన్నది. ఈ చిత్రమున పోరాట దృశ్యములు పలుచోట్ల తటాలున మొదలై తటాలున ముగియుటకు ఈ పొదుపును ఒక కారణమనవచ్చును.

నాలుగవ అభియోగము మన అలంకారశాస్త్రము తెలిసినవారికి వెంటనే స్ఫురించును. భరతముని భయానకమును, బీభత్సమును వేరు వేరు రసములుగ చెప్పినాడు. మొదటిదానికి స్థాయి భయము, రెండవదానికి జుగుప్స. భయము రానున్నదానిని ఊహించుటవలన పుట్టును. జుగుప్స ఎదుటనున్నదానిని చూచుటవలన పుట్టును. చీలిన దేహములు, చిమ్మిన నెత్తురు తెరపై నిండినచోట ఈ చిత్రము భయానకమును వదలి బీభత్సమున పడినది. అచట ప్రేక్షకుడు భయపడడు. ముఖము త్రిప్పుకొనును, లేదా, అలవాటుపడినవాడైనచో నవ్వును. నేటి విద్యార్థి పెదవి విరుచుట సాధారణముగ ఈ ఘట్టములయందే.

ఇన్ని దోషములు ఎంచిన పిమ్మట ఈ చిత్రమున మిగులు గుణములు రెండు. ఆ రెండును చిన్నవి కావు.

మొదటి గుణము వాతావరణము. భయానకమునకు భరతుడు చెప్పిన విభావములలో వికృతధ్వనులు, భూతదర్శనము, శూన్యగృహములు, అరణ్యములు కలవు. ఆ రసమునకు వర్ణము నలుపు. ఆ గ్రంథమును అషిదా చదివియుండవలెనని కాదు. భయమునకు మూలములు అన్ని దేశములందును ఒక్కటియే యగుట ఇచట కారణము. ఈ చిత్రమున నలుపు రాజ్యమేలును. నిర్జనమైన మైదానము, దూరమున ఒంటరిగ నిలిచిన కోట, దాని లోపల అంతులేని శూన్యమండపములు, గుర్రముపై మౌనముగ వచ్చు నల్లని ఆకారము: ఇవి గుర్తుండిపోవును. ఇచట ఒక విచిత్రము గమనింపదగినది. బొమ్మలు తక్కువగ గీయుటవలన పోరాటమునకు నష్టము కలిగినది. కాని నిశ్చలతకు లాభము కలిగినది. డి కదలడు, మాటలాడడు. వెనుకనున్న చిత్రపటమే మాటలాడును. పేదరికము కొన్నియెడల మితభాషిత్వమును నేర్పును. అది కళకు మేలు చేయును. తెత్సుయా కోమురో కూర్చిన యంత్రవాద్య సంగీతము నేటి చెవికి పాతబడినట్లు తోచినను, ఆ శూన్యమును నింపక, దానిని ఇంకను విశాలము చేయు ఘట్టములు అందును కలవు.

రెండవ గుణము అర్థమునకు సంబంధించినది. దీనిని మెచ్చుకొనువారును, గేలిచేయువారును పెక్కుసారులు గమనింపక దాటిపోవుదురు. మన బేతాళ కథలు చిన్ననాటినుండి అందరికి తెలిసినవే. శవమునందు చేరియున్న ఆ బేతాళుడు భయపెట్టి ఊరకుండడు, ప్రశ్న వేయును. మంచి భయానక కథకు ఇదియే లక్షణము. అందలి భూతము ఒక ప్రశ్నను మోసికొని వచ్చును. ‘డి’ చిత్రములోని రక్తపిశాచమునకును ఒక ప్రశ్న కలదు: మనిషి విలువ పుట్టుకవలన వచ్చినదా, నడతవలన వచ్చినదా?

ఈ దృష్టితో చూచినచో చెదరినట్లు తోచిన పాత్రలన్నియు ఒక త్రాటిపైకి వచ్చును. కౌంట్ లీకి ప్రభువంశపు అహంకారము ఎంతో కలదు. అయినను విసుగు తీర్చుకొనుటకు మానవకన్యను కోరును. అతని కుమార్తె లామికా తండ్రి కోరికను చూచి రగిలిపోవును. అధమజాతి స్త్రీ తమ వంశమున అడుగుపెట్టుట ఆమెకు సహింపరానిది. రేయ్ గిన్‌సేయ్ అను భృత్యుడు ఆకాశమునే వంచగల శక్తి కలవాడు. అయినను అతనికి కావలసినది ఒక్కటే, ప్రభువులలో ఒకడుగ లెక్కింపబడుట. అందుకై ఎంత నీచమునకైనను ఒడిగట్టును. కౌంటు అతనిని వాడుకొనును, పంక్తిలో చేర్చుకొనడు. చివరకు ఎదురుతిరిగి ఆ ప్రభువు చేతనే నశించును. ఊరివారి తీరు ఇంకొకటి. కాటుపడిన డోరిస్‌ను వారు దూరముగ నుంచుదురు. ఊరిపెద్ద కొడుకు ఆమె ఆపదను అవకాశముగ చేసికొని పెండ్లికి ఒత్తిడి చేయును. పెద్దలు ఆమెను నిర్బంధింప చూతురు. నిన్నటివరకు తమలో ఒకతెయైన పిల్ల నేడు మైలపడినదై పోయినది. కోటలోని ప్రభువు రక్తము త్రాగును. ఊరిలోనివారు రక్తము చూచి మనిషిని వెలివేయుదురు. రెంటికిని నడుమ దూరము అనుకొన్నంత లేదు.

చిత్రమునకు ప్రాణము చివరి ఘట్టముననున్నది. రక్తశుద్ధినే ప్రాణముగ పెట్టుకొన్న లామికాకు తానును ధంపీరునని, తన తల్లి మానవస్త్రీ యని తెలియును. డియు, ఆమెయు ఒక్క జాతివారు. మనుష్యునివలె బ్రతుకుట సాధ్యమని డి ఆమెకు చెప్పును. ఆమె వినదు. తాను నమ్మిన వంశగౌరవముతోపాటు, కూలుచున్న కోటలో తండ్రితో కలిసి అంతమగుటనే వరించును. ఇక డి ఎవరు? రక్తపిశాచములకెల్ల మూలపురుషుడైన డ్రాకులా కుమారుడని చిత్రము సూచించును. అనగా అందరిలో ఉన్నతమైన వంశము అతనిదే. ఆ మాటను అతడు ఒక్కసారియు నోట పలుకడు. కోరి దాచిపెట్టి, ఒక రైతుపిల్లకు కూలికి కాపలా ఉండును. పుట్టుకను గూర్చి అరచువారందరు నశింతురు. దానిని గూర్చి మౌనము వహించినవాడు మిగులును. వెడలిపోవుచు అక్కతమ్ములవైపు తిరిగి చూచి అతడు నవ్వు చిరునవ్వుకు బలము వచ్చినది ఇందువలననే.

సూతపుత్రుడను పేరుతో కర్ణుడు పడిన అవమానములను పాఠముగ చెప్పు ఉపాధ్యాయునికి ఈ ఇతివృత్తము అపరిచితము కాదు. రెండు కృతులకు సామ్యము చెప్పుట నా ఉద్దేశము కాదు. భారతమెక్కడ, ఈ 80 నిమిషముల క్యాసెట్టెక్కడ! కాని పుట్టుకనుబట్టి మనిషిని తూచు అలవాటు ఒక దేశమునకు, ఒక కాలమునకు పరిమితమైనది కాదని గుర్తించుటకు ఇట్టి చిన్న కృతియు పనికివచ్చును.

ఐతే విమర్శకుడు కీర్తిని పంచిపెట్టునపుడు ఎవరి పాలు వారికి చెందవలెను. ఈ లోకమును కల్పించినవాడు కికుచి. అతనికిని వెనుక ఒక పరంపర కలదు. 1897లో బ్రామ్ స్టోకర్ వ్రాసిన ‘డ్రాకులా’, టెరెన్స్ ఫిషర్ దర్శకత్వమున క్రిస్టఫర్ లీ నటించిన 1958నాటి బ్రిటిషు చిత్రము, అమెరికా పడమటి సీమల గుర్రపురౌతుల కథలు, విజ్ఞానకల్పనలు అన్నియు ఈ కథలో చేరినవి. డి రూపమును ఊహించినవాడు అమానో. అషిదాకు చెందవలసినది వీనిని చిన్న పెట్టుబడితో, ఒక మనోభావము చెదరకుండ తెరపైకి తెచ్చిన నేర్పు. ఈ పరంపరలోనే 2000లో యోషియాకి కవజిరి మరియొక చిత్రము తీసినాడు. దాని పేరు ‘వాంపైర్ హంటర్ డి: బ్లడ్‌లస్ట్’. రేఖలోను, కదలికలోను, అమానో చిత్రకల్పనను తెరపై నిలుపుటలోను అది మొదటిదానిని మించినది. శిల్పమే ప్రమాణమైనచో కిరీటము దానిదే. మొదటిది గొప్పదనుటకు ‘మొదటిది’ యగుట చాలదు. కాని లామికా ఘట్టమువలె పుట్టుక ప్రశ్నను సూటిగ అడిగిన ఘనత మొదటిదానిదే యని నా అభిప్రాయము.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ చిత్రము పిల్లలకు చూపదగినది కాదు. బొమ్మలున్నవి గదా యని తరగతిలో ప్రదర్శించువారు చిక్కున పడుదురు. అందలి హింసయు, నగ్నతయు పెద్దల కొరకు ఉద్దేశింపబడినవే. కాని ఈ చర్చ మాత్రము తరగతికి తగినదే. ఏ పాత కృతిని గూర్చియైనను విద్యార్థిచేత మూడు ప్రశ్నలు వేయింపవచ్చును. దీనికి పేరు తెచ్చిన పరిస్థితి ఏది? ఆ పరిస్థితి తొలగిన పిమ్మట దీనిలో నిలిచియుండునది ఏది? నిలిచినదానిలో కర్త సొంతమెంత, ఎరువెంత? ఈ మూడింటికి సమాధానము వెదకిన విద్యార్థి పెద్దల మాటను గ్రుడ్డిగ నమ్మడు, గ్రుడ్డిగ కొట్టివేయడు. అభిమానికిని ఇది మేలే. తాను ప్రేమించినదానిలో దోషమున్నదని ఒప్పుకొనుటవలన ప్రేమ తరగదు; ఏ గుణమును చూచి ప్రేమించినాడో అది తేటపడును.

కనుక నా తీర్పు ఇది. మహాకృతి యను బిరుదునకు ‘వాంపైర్ హంటర్ డి’ అర్హము కాదు. కథనము పలుచన, నాయిక పాత్ర భగ్నము, శిల్పము అసమానము. దాని కీర్తిలో సగము క్యాసెట్టుల కాలమునకును, దానిని చూచినవారి చిన్నతనమునకును చెందవలసినది. మిగిలిన సగము మాత్రము న్యాయార్జితము. ఒక భయమును మాటలు లేక నిలుపగలిగినందుకును, రక్తము త్రాగు పిశాచముల కథలో రక్తమును చూచి గర్వించువారి కథను చెప్పినందుకును అది దానికి దక్కినది. ఆ సగమునకు నలువదేండ్లు తక్కువ కాదు. ఇంకను కొంతకాలము అది చెల్లుబడి యగును.